డాలు మీద ఎర్ర గుర్తు

మా దుకాణానికి ఎదురుగా, టీ బంకు పక్కనున్న కరెంటు స్తంభానికి కట్టిన ఫ్లెక్సీలో ఆయన కళ్ళు మూసుకుని ఉన్నాడు. గిద్దలూరులో శ్రద్ధాంజలి ఫ్లెక్సీలకు కొదవ లేదు. అన్నిట్లోనూ పోయినవాళ్ళు మనవైపే చూస్తుంటారు. కళ్ళు మూసుకున్నది ఇదొక్కటే. దారిన పోయేవాళ్ళు నడక తగ్గించి చూసి, గబగబా నడిచిపోతారు. టీ బంకు దగ్గర అనుకునే మాటలు నాకు వినిపిస్తూనే ఉంటాయి.

"ఊళ్ళో పీనుగులన్నిటికీ కళ్ళు తెరిపిచ్చినాడు. ఆయనకు తెరిపిచ్చే దిక్కు లేకపాయె."

"యాడుంటది? ఆ కంప్యూటర్ల ఏందో నొక్కి అందరి ఫోటోలూ నాశనం జేసె. సచ్చినోళ్ళ ఉసురు ఊరికే పోతదా?"

రెండూ నిజం కావు. ఆయన ఏమీ నొక్కలేదు. ఆ కంప్యూటర్ ఆయనకు అమ్మింది నేను. దానికి కాపలా పెట్టింది నేను, ఆ కాపలాను తీసేసిందీ నేనే. కళ్ళు తెరిపించే దిక్కు లేక అలా వదిలేశారన్నది కూడా అబద్ధమే. అదెలా జరిగిందో చివర్లో చెబుతాను. ముందు ఆయన ఎలాంటి మనిషో తెలియాలి.

ఆయన ఫోటోగ్రాఫర్. మార్కాపురంలో పని నేర్చుకుని గిద్దలూరులో స్టూడియో పెట్టాడు. పెళ్ళిళ్ళకు ఆయన్ను ఎవరూ పిలిచేవారు కాదు. చావులకు పిలిచేవారు. రాచర్ల వైపు, బేస్తవారిపేట వైపు పల్లెల్లో ఒక్కసారి కూడా ఫోటో దిగకుండానే ముసలివాళ్ళయిపోయిన మనుషులు అప్పట్లో ఇంటికొకరు ఉండేవారు. వాళ్ళు పోయాక, పాడె కట్టే లోపు ఆయనకు కబురు వచ్చేది. వసారాలో స్తంభానికి ఆనించి కూర్చోబెట్టిన శవాన్ని ఫోటో తీసేవాడు. తర్వాత పెద్దకర్మ నాటికి ఆ ఫోటోలో మూసుకున్న కళ్ళను సన్నటి కుంచెతో తెరిపించి, ఫ్రేము కట్టి ఇచ్చేవాడు.

కెమెరా బయటికి తీసేముందు ఒకే ప్రశ్న అడిగేవాడు. "ఈ యమ్మ మాట్లాడేటప్పుడు ఎటు చూసేది?"

ఏడుస్తున్నవాళ్ళు ఏడుపు ఆపి ఆలోచించేవారు. నేల చూపులని ఒకరు, కాదు వాకిలి వైపని ఇంకొకరు వాదులాడుకునేవారు. ఒక ఇంట్లో కోడలు కొంగుతో మూతి కప్పుకుని, "నా వంకనే అన్నా, పొయ్యికాడ నేనేం నోట్లో ఏసుకుంటన్నానో అని" అందట. శవం ముందు అందరూ నవ్వేశారట. ఆయన మాత్రం నవ్వకుండా తల ఊపి, ఆ ఫోటోలో అత్త కంటిపాపలను ఒక పక్కకు దిద్దాడు. ఆ ఇంట్లో పొయ్యి ఉన్న గోడకు ఎదురు గోడకే ఆ ఫోటో తగిలించారని ఆయనే చెప్పేవాడు.

జనానికి ఆయనంటే భయం. భుజాన సంచితో వీధిలోకి వస్తే తలుపులు దగ్గరికి వేసేవారు. అది ఆయనకు తెలుసు. అందుకే పాలామెను అడిగి ఏ ఇంట్లో ఎవరికి ఒంట్లో బాగాలేదో తెలుసుకుని, ఆ వీధి వదిలేసి సందుల్లోంచి చుట్టూ తిరిగి పోయేవాడు. సంచి మీద తువ్వాలు కప్పేవాడు. ఎవరైనా ఎదురుపడి మొహం తిప్పుకుంటే, "మార్కాపురం పోతన్నాలే, ఇక్కడ పనేం లేదు" అని ముందే చెప్పేసేవాడు.

ఫోన్లు వచ్చాక స్టూడియో మూసేశాడు. నెగెటివులున్న బిస్కెట్ డబ్బాలను ఇంటికి తెచ్చుకున్నాడు. మా ఎండలకు అవి ఒకదానికొకటి అంటుకుపోతున్నాయి. మూత తీస్తే పులిసిన వాసన. అవి పాడయ్యే లోపల అన్నిటినీ కంప్యూటర్‌లోకి ఎక్కించాలని అనుకున్నాడు. అలా నా దుకాణానికి వచ్చాడు.

వచ్చాడంటే లోపలికి రాలేదు. దుకాణం వెనక గదిలో మా అమ్మ ఆయాసంతో మంచం పట్టి ఉంది. మా వీధిలోకి వచ్చాకే అది ఆయనకు తెలిసింది. రోడ్డుకు అవతల, టీ బంకు దగ్గర నిలబడి కేకేశాడు.

"అల్లుడా! ఇంట్లోకి కంప్యూటర్ కావాల!"

"లోపలికి రా మామా, కూర్చోని చూద్దువు."

"మీ యమ్మ లేసి తిరగనీ, అప్పుడొస్తా. నువ్వాడ్నించే చెప్పు."

కంప్యూటర్ సంగతి తొందరగానే తేలింది. తేలనిది దాని కాపలా. వైరస్‌లు వస్తాయని ఎవరో చెప్పారాయనకు. ఊరికే వచ్చే కాపలా ప్రోగ్రాంలలో ఏది మంచిదో తేల్చుకోవాలని పట్టుబట్టాడు. ఆ సంభాషణంతా లారీలు, ఆటోలు పోతుంటే ఆగుతూ, రోడ్డుకు ఈ పక్క నేను, ఆ పక్క ఆయన అరుచుకుంటూ జరిగింది.

"ఊరికే ఎందుకిస్తారంట?" అనడిగాడు.

టీ బంకు అతను కల్పించుకున్నాడు. "ఊరికే ఇస్తే తీసుకోక నీకెందుకు మామా ఆరాలు? నీ కంప్యూటర్ల ఏమన్నా బంగారముందా?"

"మీ జేజి ఉంది" అన్నాడాయన.

వాళ్ళ నాయనమ్మ పోయినప్పుడు ఫోటో తీసింది ఆయనే. టీ బంకు అతను గ్లాసులు కడగడంలో పడ్డాడు.

నాకు తెలిసినవి చెప్పాను. ఒకటి రోజూ ఏదో ప్రమాదమని తెరమీద ఎగురుతుంది, డబ్బు కట్టి పెద్దది కొనుక్కోమంటుంది.

"భయపెట్టి బతికేదొద్దు. ఇంకోటి చెప్పు."

ఇంకొకటి మంచిదే కానీ, అనుమానం వచ్చిన ఫైలును తన వాళ్ళ దగ్గరికి పంపించి పరీక్ష చేయిస్తుంది.

"యాడికి పంపిస్తది?"

"ఏ దేశమో మామా. మనకెట్ల తెలుస్తది?"

"సచ్చినోళ్ళ మొహాలు ఆ దేశపోళ్ళకెందుకు? వద్దు. రెండు కలిపి పెడితే?"

"ఒకదాన్ని చూసి ఇంకోటి దొంగ అనుకుంటది. మిషను ముందుకు కదలదు."

చివరికి, కంప్యూటర్‌తో పాటే వచ్చేది ఒకటి ఉందని, అది పెద్దగా మాట్లాడదని, ఫైళ్ళు బయటికి పంపే సంగతి అందులో ఆపుకోవచ్చని చెప్పాను. దానికే ఒప్పుకున్నాడు. తెర కింద మూలన చిన్న డాలు బొమ్మ ఉంటుందని, దానిమీద పచ్చ గుర్తుంటే కాపలా మేలుకుని ఉన్నట్టని, ఎర్ర గుర్తు పడితే వెంటనే నాకు చెప్పమని నేనే చెప్పాను.

"దానికి కన్ను మూతబడదు గదా?"

"పడదు మామా."

వేరే డిస్కు కూడా తీసుకుని, ఫోటోలన్నీ దానిలోనూ ఇంకో కాపీ పెట్టుకోమన్నాను. రెండో అమ్మకం కోసం అన్నానో, మంచికే అన్నానో ఇప్పుడు గుర్తు లేదు. ఆయన చెయ్యి అడ్డంగా ఊపాడు.

"ఒక మనిషి రెండు చోట్ల ఉండగూడదు అల్లుడా. బతికినోళ్ళు ఉంటే ఉండొచ్చు. పోయినోళ్ళను రెండు చోట్ల పెట్టి తిప్పలు పెట్టగూడదు."

ఆ మాట ఎంత దూరం పోతుందో అప్పుడు నాకు తెలియలేదు. ఒక్కో డబ్బా కంప్యూటర్‌లోకి ఎక్కించడం అవగానే, వచ్చే అమావాస్యకు ఆ నెగెటివులను ఎర్రగుడ్డలో కట్టుకుని రైలెక్కి కంభం పోయేవాడు. చెరువులో కలిపేసి, స్నానం చేసి, తడిబట్టలతోనే తిరిగొచ్చేవాడు. అస్థికలు కలిపినట్టే. ఇక ఆ మనుషులు ఉన్నది ఆ మిషన్‌లోనే. దానికి కాపలా ఒక్కటే.

మిషన్ సిద్ధం చేసిన రోజు గురించి చెప్పాలి. కళ్ళు దిద్దడానికి ఆయనకు ఫోటోల ప్రోగ్రాం కావాలి. మా దుకాణాల్లో అందరం ఎక్కించే దొంగ కాపీనే నేనూ ఎక్కించబోయాను. కాపలా ప్రోగ్రాం దాన్ని పట్టుకుని పక్కన పడేసింది. మళ్ళీ ఎక్కించాను, మళ్ళీ పట్టుకుంది. దాని పని అది చేస్తోంది. ఇంతలో వెనక గదిలోంచి నా భార్య వచ్చింది.

"ఆ మనిషిని ఎదురుగా నిలబెట్టుకోని ఏం జేస్తన్నావ్ ఇంకా? అత్తకు ఆయాసం ఎక్కువయింది. నడిమి గోడ కిటికీలోంచి ఆయన్నే చూస్తాంది. తొందరగా పంపిచ్చు."

బయటికి చూశాను. ఆయన రోడ్డుకు అవతలే నిలబడి ఉన్నాడు, భుజాన సంచి, దానిమీద తువ్వాలు. ఆ మనిషి మా ఇంటి ముందు నుంచి పోతే చాలు. కాపలాను ఆపేశాను. మామూలుగా ఆపితే అది తనంతట తానే మళ్ళీ లేస్తుంది. అందుకని, లేవకుండా దాని పీక నొక్కి ఉంచే చిన్న ప్రోగ్రాం ఒకటి మా దగ్గర ఉంటుంది, అదీ పెట్టాను. దొంగ కాపీ ఎక్కింది. పీక మీద చెయ్యి తియ్యడానికి ఇంకాస్త సమయం పట్టేది. తర్వాత తీద్దాంలే అనుకుని మిషన్‌ను ఆటోలో పెట్టించి పంపేశాను.

తర్వాత కొద్ది రోజులకు రోడ్డు అవతలినుంచి కేక.

"అల్లుడా! డాలు మీద ఎర్ర గుర్తు పడింది!"

"ఏం కాదు మామా. కొత్తదానికి అట్లనే ఉంటది."

"పచ్చది ఉండాలంటివి గదా?"

"ఉంటదిలే. పట్టిచ్చుకోవద్దు. పో మామా."

కాసేపు నా మొహంలోకి చూశాడు. "సరే. నువ్వు చెప్పినాక ఇంకేముంది" అని పోయాడు. ఆ తర్వాత కూడా అటు పోయినప్పుడల్లా ఆగేవాడు. "ఇంకా ఎర్రగనే ఉంది అల్లుడా" అనేవాడు. నేను చెయ్యి ఊపేవాణ్ణి. మా అమ్మ కోలుకుంది. లేచి తిరిగింది. ఇప్పటికీ ఉంది. భయం తీరిపోయాక అయినా ఒక పూట ఆయన ఇంటికి పోయి కాపలా పీక మీది చెయ్యి తీసి వచ్చి ఉండొచ్చు. పోలేదు. ఆయన మాత్రం డబ్బా తర్వాత డబ్బా ఎక్కిస్తూ, అమావాస్య అమావాస్యకూ కంభం పోతూనే ఉన్నాడు. రైలుకు పోతూ మా దుకాణం ముందు ఎర్రగుడ్డ మూటతో నడిచేవాడు. అప్పుడు మాత్రం ఆగేవాడు కాదు.

రాచర్ల అవతల పల్లెనుంచి ఒక గొర్రెలవాళ్ళ అవ్వ ప్రతి ఏడూ పెద్దల అమావాస్యకు ముందు ఆయన దగ్గరికి వచ్చేది. ఆమె కూతురు చిన్నతనంలోనే జ్వరంతో పోయింది. ఆ పిల్లకున్నది ఆయన తీసిన ఆ ఒక్క ఫోటోనే. గుడిసెలో పొగకు, వానకు అది ఏడాదిలో పాడైపోయేది. ఆయన మళ్ళీ ఒక ప్రింటు తీసి ఇచ్చేవాడు. ఆ ఫోటో నేనూ చూశాను. పిల్ల కళ్ళు మనవైపు ఉండవు, కిందికి, కుడిపక్కకు ఉంటాయి. ఎందుకట్లా అనడిగితే, "గొర్రెపిల్లను చూస్తాంది. అది ఫోటోలో పడలే" అన్నాడు.

ఆ ఏడు ఆమె వచ్చేసరికి ఆయన నాకు కబురు పంపాడు. మొదటిసారి ఆయన ఇంట్లోకి పోయాను. అవ్వ గడప దగ్గర కూర్చుని ఉంది. ఒళ్ళో ప్లాస్టిక్ సంచిలో తడిసి ముద్దయిన పాత ఫోటో. పక్కనే ఇరుగుపొరుగు నలుగురు. తెరమీద వరసగా తెల్ల కాగితాల బొమ్మలు. ఒక్క మొహం లేదు. ప్రతి ఫైలు పేరు వెనకా చదవరాని అక్షరాల తోక. మధ్యలో ఇంగ్లీషులో ఒక బెదిరింపు. ఫైళ్ళకు తాళం వేశామని, డబ్బు పంపితే తాళంచెవి ఇస్తామని. కింద మూలన డాలు మీద ఎర్ర గుర్తు, నేను వదిలిపెట్టినట్టే ఉంది.

చూడగానే నాకు అర్థమైంది. ఆ వైరస్ దొంగ కాపీలోనే దాక్కుని వచ్చిందో, తర్వాత వేరే దారిన వచ్చిందో చెప్పలేను. ఏ దారిన వచ్చినా ఆపేవాళ్ళు లేరు.

ఆయన నా పక్కన నిలబడి, అందరికీ వినపడేలా అడిగాడు. "అల్లుడా, నేనేమన్నా తప్పు నొక్కినందుకు పోయినాయా ఇవి?"

గొంతులో కోపం లేదు. నిజంగానే అడిగాడో, నాకు దారి ఇచ్చాడో నాకిప్పటికీ తెలియదు. అందరూ నా మొహమే చూస్తున్నారు. రేపటినుంచి నా దుకాణానికి ఎవరొస్తారన్న ఒక్క ఆలోచనే నాకు వచ్చింది.

"అవును మామా. నువ్వేందో నొక్కినట్టున్నావు" అన్నాను.

"అట్లనా" అన్నాడు. తర్వాత అవ్వ వైపు తిరిగి, "చెల్లే, నేనే పోగొట్టినా" అన్నాడు.

అవ్వ లేచి తెర దగ్గరికి వచ్చింది. తెల్ల కాగితాల బొమ్మల మీద చెయ్యి పెట్టింది. "లేదా నా బిడ్డ దీంట్లో?"

"ఉంది అవ్వా. తాళం పడింది. కనపడదు" అన్నాను నేను.

"అంటే చీకట్ల ఉందా?"

నేను తెర వైపు తిరిగాను.

"దానికి చీకటంటే బయ్యం నాయనా" అందామె, నాతోనే. ఇంకెవరితోనూ కాదు.

ఫోటోలన్నీ ఆయనే పోగొట్టాడన్న మాట రాచర్ల దాకా, అక్కడినుంచి ఇంకా పైకి పాకింది. పాత ఫోటోలు పాడైనవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి ఆయన వాకిట్లో నిలబడి అడిగిపోయారు. చచ్చినోళ్ళను చెరువులో ముంచి, ఉన్నది కాస్తా పోగొట్టాడని తిట్టారు. ఆయన అందరికీ ఒకటే మాట చెప్పాడు, నేనే నొక్కినానని. ఎర్ర గుర్తు సంగతి ఎవరి దగ్గరా ఎత్తలేదు. రోడ్డు అవతల అన్నిసార్లు కేకేసి చెప్పాడు కదా, టీ బంకు అతను కూడా విన్నాడు. అయినా ఆ కేకలనూ ఫోటోలు పోవడాన్నీ కలిపి ఎవరూ ఆలోచించలేదు. నేను ఆలోచించనివ్వలేదు. ఎవరు అడిగినా, వయసైపోయింది పాపం అనేవాణ్ణి.

ఒకరోజు మిషన్‌లోని డిస్కును గుడ్డలో చుట్టి తెచ్చాడు. అప్పటికి మా అమ్మ బాగానే తిరుగుతోంది. అయినా లోపలికి రాలేదు, మెట్టు దాకానే వచ్చాడు.

"నీకాడ పెట్టుకో అల్లుడా. నాకాడుంటే నేను మళ్ళా ఏమన్నా నొక్కుతానేమో."

డిస్కు నా చేతిలో పెట్టి, చెయ్యి వెంటనే తియ్యలేదు. నా కళ్ళలోకి చూస్తూ నిలబడ్డాడు. ఎంతోమంది చచ్చినవాళ్ళ చూపులు వెతికిన మనిషి. నేను కింద మెట్టు వైపు చూశాను. తర్వాత ఆయన వెళ్ళిపోయాడు. ఆ తర్వాత మా వీధిలోకే రాలేదు. ఏ ఇంట్లో రోగి ఉంటే ఆ వీధి తప్పించుకుని పోయేవాడు కదా. అలా మా వీధి తప్పించుకుని తిరిగాడు.

ఈమధ్యే జ్వరంతో పోయాడు. బేస్తవారిపేటలో ఉండే ఆయన కూతురు నా దుకాణానికి వచ్చింది. ఇంతమంది ఫోటోలు తీసినవాడికి తన ఫోటో ఒక్కటి లేదు. ఆధార్ కార్డు మీదది పెద్దది చేస్తే మసక ముద్ద అయింది. పోయాక ఫోనులో తీసింది చూపించింది.

"బావా, నాయనకు కళ్ళు తెరిపిచ్చు. పెద్దకర్మకు ఫ్లెక్సీ కట్టియ్యాల."

ఫోటోను పెద్ద తెరమీదికి తెచ్చుకున్నాను. ఏం చెయ్యాలో తోచక ఆయన అడిగే ప్రశ్నే అడిగాను. "మామ మాట్లాడేటప్పుడు ఎటు చూసేటోడు?"

"అదేంది బావా, నీకు తెలియదా? ఎదుటోళ్ళ కళ్ళల్లోకే చూసేటోడు గదా."

మౌస్ మీద చెయ్యి వేశాను. కంటిపాప ఎక్కడ పెట్టాలో నాకు తెలుసు. మెట్టు మీద నిలబడి నన్ను చూసిన చూపు అది. చెయ్యి వెనక్కి తీసుకున్నాను. అప్పుడు చెప్పాను. దొంగ కాపీ, కాపలా పీక నొక్కడం, ఎర్ర గుర్తు, రోడ్డు అవతలినుంచి కేకలు, ఆయన ఇంట్లో అందరి ముందూ నేనాడిన అబద్ధం, చివరికి ఆయన నా చేతిలో పెట్టిన డిస్కు. చెప్పడం అయ్యాక ఆమె ఫోను తీసుకుని సంచిలో వేసుకుంది. వెళ్ళిపోతుందనుకున్నాను.

"ఆ డిస్కు యాడుంది?" అంది.

"నా కాడే ఉంది. ఇట్లాంటి తాళాలకు ఒక్కోసారి ఎవురో కష్టపడి తాళంచెవి కనుక్కోని నెట్లో ఊరికే పెడతారు. రోజూ చూస్తన్నా. ఇంకా రాలే."

"వచ్చిందనుకో. ముందు రాచర్ల అవ్వ బిడ్డను బయటికి తియ్యి. ఆ యమ్మకు నువ్వే తీసుకపోయి ఇయ్యి, ఇదంతా చెప్పి. నాయన కళ్ళ సంగతి అప్పుడు సూద్దాం." గడప దిగుతూ వెనక్కి తిరిగింది. "అందాక అట్లనే ఉండనీ. ఫ్లెక్సీ నీ దుకాణం ఎదురుగానే కట్టిస్తా."

కట్టించింది. పెద్దకర్మ అయిపోయింది. ఫ్లెక్సీ ఎండకు వెలిసిపోతోంది, ఒక మూల తాడు తెగి గాలికి కొట్టుకుంటోంది. తీసెయ్యమని టీ బంకు అతను రోజూ అంటున్నాడు, గిరాకీ తగ్గుతోందట. నేను తియ్యనివ్వలేదు. పొద్దున షట్టర్ ఎత్తగానే ముందు తాళంచెవి వచ్చిందేమో వెతుకుతాను. తర్వాతే బోణీ. అవ్వ ఇంకా బతికే ఉందని రాచర్ల ఆటోవాళ్ళు చెప్పారు. పెద్దల అమావాస్య దగ్గర పడుతోంది.

తాళంచెవి ఇంకా రాలేదు.